చివరి దీవితో మొదలుపెట్టండి: పసిఫిక్ పగడపు దీవుల్లో పిల్లల సర్వే

(సర్వే సిబ్బంది శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సర్వే పనిలోకి కొత్తగా అడుగుపెడుతున్న మీ అందరికీ నమస్కారం.

ఇంటింటి సర్వే అనగానే మనకు ముందు ప్రశ్నావళి గుర్తొస్తుంది. దీవుల్లో అయితే ముందు ఓడ గుర్తురావాలి. ఓడ ఏ రోజు బయల్దేరుతుంది, ఏ దీవి దగ్గర ఎన్ని గంటలు ఆగుతుంది, మళ్లీ ఎప్పుడొస్తుంది? ఇవన్నీ రవాణా చూసే ఉద్యోగి సంగతులనీ, గణాంకాలతో వీటికి పనిలేదనీ అనిపిస్తుంది. నిజానికి ఏ పిల్లలు లెక్కలోకి వస్తారో, ఎవరు రారో తేల్చేవి ఇవే. చేరడం కష్టమని ఒక దీవిని వదిలేస్తే అక్కడి పిల్లలు దేశ సగటులో ఉండరు. నర్సు దూరంగా, మంచినీళ్లు తక్కువగా, సరుకుల ఓడ ఆలస్యంగా ఉండేది ఆ పిల్లలకే. వాళ్లను వదిలేసి తీసిన సగటు ఎప్పుడూ ఉన్నదానికంటే కాస్త బాగానే కనిపిస్తుంది. ఆ సగటును చూసి డబ్బు కేటాయించేవాళ్లకు ఆ తేడా తెలిసే దారి లేదు. అందుకే ఈ రోజు ప్రశ్నల గురించి తక్కువగా, పని ఏర్పాటు గురించి ఎక్కువగా మాట్లాడతాను.

ముందు ఊరూపేరూ తెలుసుకుందాం. కిరిబాటి అనే దేశంలో 33 దీవులున్నాయి. నేల అంతా కలిపితే 811 చదరపు కిలోమీటర్లు. ఆ దీవులు చెల్లాచెదురుగా పడి ఉన్న సముద్రం మాత్రం సుమారు 35 లక్షల చదరపు కిలోమీటర్లు. జనాభా దాదాపు లక్షా ఇరవై వేలు. అందులో సగం మంది రాజధాని దక్షిణ తరావాలోనే ఉంటారు. తరావా నుంచి అదే దేశంలోని కిరిటిమాటి దీవికి దాదాపు 3,300 కిలోమీటర్లు. తువాలు అనే మరో దేశంలో తొమ్మిది దీవులు, 26 చదరపు కిలోమీటర్ల నేల. విమానం దిగేది ఒక్క ఫునాఫుటిలోనే. మిగతా ఎనిమిదింటికీ ప్రభుత్వ ఓడలే దిక్కు. న్యూజిలాండ్ ఏలుబడిలోని టోకెలావ్‌లో అటాఫు, నుకునోను, ఫకావొఫో అని మూడు దీవులు. అక్కడ విమానాశ్రయమే లేదు, సమోవాలోని ఆపియా నుంచి ఒక రోజుకు పైగా ఓడ ప్రయాణం.

ఇలాంటి చోట్ల పిల్లల స్థితిగతుల మీద జరిగే పెద్ద సర్వే యునిసెఫ్ సాయంతో నడిచే ఎంఐసీఎస్ (మల్టిపుల్ ఇండికేటర్ క్లస్టర్ సర్వే). 1990ల మధ్యలో మొదలైంది. ఆరో విడతలో భాగంగా కిరిబాటిలో 2018–19లో, టోంగాలో 2019లో, తువాలులో 2019–20లో జరిగింది. ఇందులో కుటుంబానికి ఒక ప్రశ్నావళి, 15–49 ఏళ్ల స్త్రీలకు ఒకటి, పురుషులకు ఒకటి, ఐదేళ్లలోపు పిల్లల గురించి ఒకటి, 5–17 ఏళ్ల పిల్లల గురించి ఒకటి ఉంటాయి. వీటికి తోడు ఎత్తు, బరువు కొలతలు, తాగే నీటి పరీక్ష. మీరు చేయబోయేది ఇదే కాకపోయినా, పని స్వభావం ఇదే.

ఇప్పుడు నమూనా పరిమాణం. ఇది హోటల్ గదిలో కూర్చుని తేల్చే లెక్క అనుకుంటారు కానీ, పడవలో ఎన్ని సీట్లు కావాలో ఈ లెక్కే చెబుతుంది. ఒక ఉదాహరణ వేసుకుందాం. బయటి దీవులన్నీ కలిపి ఒక ప్రాంతంగా అంచనా కావాలి. కొలిచే లక్షణం 30 శాతం పిల్లల్లో ఉంటుందని ఊహ. అటూ ఇటూ 6 శాతం పాయింట్ల తేడాతో తెలిస్తే చాలు. ఒక్కో క్లస్టర్‌లో, అంటే సర్వే కోసం ఎంచుకున్న ఇళ్ల గుంపులో, 20 ఇళ్లు, ఇంటికి సగటున 0.7 చొప్పున ఐదేళ్లలోపు పిల్లలు, అంటే క్లస్టర్‌కు 14 మంది. ఒకే చోట ఉండే పిల్లల మధ్య పోలిక 0.04 అనుకుంటే డిజైన్ ఎఫెక్ట్ (ఆ పోలిక వల్ల నమూనా ఎన్ని రెట్లు పెరగాలో చెప్పే సంఖ్య) 1 + 13 × 0.04, అంటే 1.5 చుట్టూ. ఇక పిల్లల సంఖ్య: 4 × 0.3 × 0.7 × 1.5ని 0.06 వర్గంతో భాగిస్తే 350. ఇందులో 4 అనేది 95 శాతం నమ్మకం కోసం వాడే సంఖ్య, 0.7 అంటే 1 − 0.3. నూటికి తొంభై ఇళ్లు జవాబిస్తాయనుకుంటే 350ని 0.7 × 0.9, అంటే 0.63తో భాగించాలి. సుమారు 555 ఇళ్లు.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. పెద్ద దేశంలో అయితే ఆగిపోవచ్చు. కానీ ఆ బయటి దీవులన్నిటిలో కలిపి ఐదేళ్లలోపు పిల్లలు 500 మందే ఉన్నారనుకోండి. మొత్తమే అంత చిన్నదైనప్పుడు అందులో పెద్ద భాగాన్ని మనం కొలిచేస్తున్నాం, కాబట్టి అంత మంది అక్కర్లేదు. 350ని (1 + 350/500)తో భాగిస్తే 206 మంది పిల్లలు, అంటే 327 ఇళ్లు చాలు. రెండు వందలకు పైగా ఇళ్లు తగ్గాయి. తగ్గిన ఆ పనిదినాలను వాతావరణం బాగా లేని రోజులకు పక్కన పెట్టుకోవచ్చు. ఈ సవరణ మరిచిపోయి 555 ఇళ్లకు బడ్జెట్ వేసి, చివరికి డబ్బు చాలక రెండు దీవులు వదిలేయడం కంటే, 327 ఇళ్లు పూర్తిగా చేయడం ఎన్నో రెట్లు మేలు.

ఇంకో మాట. 50, 60 ఇళ్లు మాత్రమే ఉన్న దీవి నమూనాలో పడితే అక్కడ ఇరవై ఇళ్లు ఏరకుండా అన్ని ఇళ్లూ చేయమంటాను. ఖర్చంతా దీవి చేరడానికే అయిపోయింది. ఇంకో ముప్ఫై, నలభై ఇళ్లు చేయడానికి మూడు నాలుగు రోజులే అదనం. పైగా, అందరూ బంధువులైన చోట 'వాళ్లింటికి వెళ్లారు, మా ఇంటికి ఎందుకు రాలేదు' అనే ప్రశ్నకు యాదృచ్ఛిక ఎంపిక గురించి చెప్పి ఒప్పించడం కష్టం. అయితే అక్కడి ఇళ్లకు ఎంపికయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి, విశ్లేషణలో వాటి వెయిట్ (లెక్కలో ఒక్కో ఇంటికిచ్చే బరువు) తగ్గాలి. ఆ నిర్ణయం బయల్దేరకముందే కాగితం మీద ఉండాలి. దీవిలో దిగాక తీసుకుంటే అది నమూనా కాదు.

ఇక వరస. దాదాపు అందరూ రాజధానితో మొదలుపెట్టి, దూరం పోనుపోను, చివర్లో మారుమూల దీవులు పెట్టుకుంటారు. సహజంగా తోచే పద్ధతే, కానీ దీనివల్లే ఎక్కువ నష్టం. ఎందుకంటే ఆలస్యాలన్నీ చివర్లో పోగవుతాయి. డబ్బు అయిపోయేదీ, ఓడ మరమ్మతుకు పోయేదీ, సముద్రం మొండికేసేదీ చివరి నెలలోనే. అప్పుడు జాబితాలో మిగిలి ఉండేవి ఆ దూరపు దీవులే, కొట్టివేతకు గురయ్యేవీ అవే. కాబట్టి శిక్షణ అయ్యాక రాజధానిలో రెండు క్లస్టర్లు చేయించి, తొలి వారం తప్పులు అక్కడే దిద్ది, ఆ వెంటనే జట్లను అన్నిటికంటే దూరపు దీవులకు పంపండి. రాజధాని క్లస్టర్లు చివరికి ఉంచండి. అవి ఎక్కడికీ పోవు, బస్సెక్కి కూడా పూర్తి చేయొచ్చు.

దీనిలో ఒక చిక్కు ఉంది. విరేచనాల గురించి అడిగేది గత రెండు వారాల సంగతి. దూరపు దీవులన్నీ ఒక రుతువులో, రాజధాని అంతా మరో రుతువులో చేస్తే, తేడా దీవిదా, వానలదా అన్నది తేలదు. అందుకని ప్రతి నెలా కొన్ని రాజధాని క్లస్టర్లు కూడా నడిచేలా ఒక జట్టును అక్కడే ఉంచండి. దక్షిణ పసిఫిక్‌లో నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా తుపానుల కాలం. టోంగా, వనువాటు, ఫిజీలలో బయటి దీవుల పని ఆ నెలల్లో పెట్టుకోకూడదు. భూమధ్యరేఖను అంటుకుని ఉన్న కిరిబాటికి తుపానుల బెడద అంతగా లేదు కానీ, ఆ నెలల్లో పడమటి గాలులు లేచి, దీవికి పడమర వైపున్న లంగరు చోట్లు ప్రమాదకరంగా మారతాయి.

పోటు, ఆటుల పట్టిక ప్రతి సూపర్‌వైజర్ దగ్గరా ఉండాలి. తువాలు బయటి దీవుల దగ్గర ఓడ ఒడ్డుకు రాదు. పగడపు దిబ్బ బయట ఆగితే, మనుషులూ సామానూ చిన్న పడవల్లోకి దిగాలి. ఆ పడవ దిబ్బలోని సందు గుండా లోపలికి రావాలంటే నీళ్లు తగినంత ఎత్తున ఉండాలి. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఎక్కువ, అష్టమి ప్రాంతంలో తక్కువ. అయితే ఆ పెద్ద పోటు రోజుల్లోనే ఆటు కూడా బాగా లోపలికి పోతుంది. పక్కనున్న బుల్లి దీవులకు నడిచి వెళ్లడానికి అదే అదను. అంటే ఒకే తిథి దిగడానికి ఒక గంటను, నడవడానికి మరో గంటను ఇస్తుంది. దినచర్య ఆ గంటల చుట్టూ అల్లుకోవాలి.

ఓడ ఆరు గంటలు ఆగితే ఆరు గంటల్లో సర్వే అయిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. నలుగురు ఎన్యూమరేటర్లు (ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలడిగేవాళ్లు), ఒక కొలతల మనిషి, ఒక సూపర్‌వైజర్ ఉన్న జట్టు 20 ఇళ్లను చేయడానికి రెండు రోజులు, ఇంట్లో దొరకనివాళ్ల కోసం మూడో రోజు కావాలి. కనీసం మూడుసార్లు, అదీ వేర్వేరు వేళల్లో వెళ్లాకే 'ఎవరూ లేరు' అని రాయాలి. ఒకే రోజు ఉదయం పదికి, పదకొండుకు, పన్నెండుకు తలుపు తడితే అది మూడుసార్లు కాదు. కిరిబాటిలో కొబ్బరి కల్లు గీసేవాళ్లు తెల్లవారుజామున, సాయంత్రం చెట్టు మీద ఉంటారు. రాత్రి వేటకు వెళ్లిన జాలరి పగలు నిద్రపోతాడు. ఆదివారం ప్రార్థనల రోజు. టోంగాలో అయితే ఆ రోజు పని చేయకూడదని రాజ్యాంగమే చెబుతుంది. అందుకే జట్టు దిగిపోయి, ఓడ తర్వాతి రాకడ దాకా అక్కడే ఉండాలి. ఓడ రెండు వారాలకోసారి వస్తే, మూడు వారాలకు సరిపడా బియ్యం, డబ్బా ఆహారం, మందులు వెంట ఉండాలి. దీవిలో ఉన్న ఒకే ఒక దుకాణాన్ని ఆరుగురు బయటివాళ్లు ఖాళీ చేస్తే, సరుకుల ఓడ వచ్చేదాకా పస్తులుండేది అక్కడి పిల్లలే. నీళ్ల సంగతీ అంతే: కరువు నెలల్లో వాననీటి ట్యాంకులు ఎంత ఉన్నాయో ముందే వాకబు చేసి వెళ్లాలి.

డబ్బు విషయం రెండు మాటల్లో చెబుతాను. కిరిబాటి, తువాలులలో వాడేది ఆస్ట్రేలియా డాలరు. బయటి దీవుల్లో ఏటీఎం మీద ఆశ పెట్టుకోవద్దు. పడవ అద్దె, వంట మనిషి కూలి, బస ఖర్చు చిన్న నోట్లుగా తీసుకెళ్లి, ఖర్చు రాసే పుస్తకంలో అక్కడికక్కడే సంతకాలు పెట్టించుకోవాలి.

సామాను గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. చిన్న విమానంలో మనిషినీ సంచినీ కలిపి తూస్తారు. ఎత్తు కొలిచే చెక్కను సీటు కింద పెట్టలేరు. ముందుగా చెప్పకపోతే తర్వాతి విమానంలో పంపుతామంటారు, ఆ తర్వాతి విమానం వారం తర్వాతే. లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, సామాను గదిలోకి పంపకూడదు. 100 వాట్-అవర్ల లోపున్న పవర్ బ్యాంకులకు అనుమతి అక్కర్లేదు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 74 వాట్-అవర్లు, కాబట్టి చిక్కు లేదు. అంతకంటే పెద్దవి తేకండి. ట్యాబ్లెట్లు నీళ్లు చొరని సంచుల్లో, ఒక్కొక్కటి విడిగా. జట్టులో ఉన్నవాటికి అదనంగా కనీసం ఒక ట్యాబ్లెట్, ఒక తూనిక యంత్రం ఉండాలి. ఉప్పు గాలికి చార్జింగ్ పిన్నులే ముందు పాడవుతాయి. అదనపు కేబుళ్లు ఎన్ని తెచ్చినా ఎక్కువ కాదు.

దిగగానే ఇళ్ల మీద పడకూడదు. తువాలులో ఫలేకౌపులే, టోకెలావ్‌లో తౌపులెంగా అనే పెద్దల సభలు, కిరిబాటిలో మనేయబా అనే సమావేశ మందిరంలో కూర్చునే పెద్దల సభ ఉన్నాయి. రాజధాని నుంచి తెచ్చిన ఉత్తరం ఒక్కటే చాలదు. ఓడ రాకముందే రేడియోలో కబురు, దీవి పాలక మండలి గుమాస్తాకు ఫోను, దిగిన సాయంత్రమే సభలో కూర్చుని చెప్పడం. ఈ మూడూ జరగాలి. సభలో ఏం చెప్పాలో సూపర్‌వైజర్ ముందే రాసుకోవాలి: ఎవరి ఇళ్లకు వెళ్తాం, అవి ఎలా ఎంపికయ్యాయి, పిల్లలను ఎందుకు తూస్తాం, జవాబులు ఎవరికీ ఎందుకు చెప్పం, ఫలితాలు ఎప్పుడు తెచ్చిస్తాం. సభ ఒప్పుకున్నా ప్రతి తల్లినీ విడిగా అడగాలి. పెద్దలు ఊఁ అన్నారు కాబట్టి ఆమె కాదనలేదు అనుకోవడం అనుమతి కాదు. 15–17 ఏళ్ల అమ్మాయికి పెద్దల అనుమతీ కావాలి, ఆమె సొంత ఒప్పుకోలూ కావాలి.

భాష కూడా దీవిని బట్టి మారుతుంది. తువాలులోని నుయి దీవిలో మాట్లాడేది కిరిబాటి భాషకు దగ్గరి రూపం. తువాలు భాషలో ప్రశ్నావళి ఉంది కదా అని ఆ దీవికి ఎవరినైనా పంపేస్తే, అక్కడ పక్కింటి పిల్లవాడు దుబాసీ అవుతాడు. తల్లి తన బిడ్డను ఎలా దండిస్తుందో పక్కింటి పిల్లవాడి ముందు చెప్పదు. భాష వచ్చిన మనిషే వెళ్లాలి, కానీ అదే దీవి మనిషి కాకపోతే మంచిది. ఎందుకంటే వాళ్లంతా ఆమెకు పిన్నులూ మేనత్తలూ అవుతారు.

ఇళ్ల జాబితా దగ్గర జరిగే తప్పులు ఎంత చెప్పినా తీరవు. మైదాన ప్రాంతంలో జాబితా వేసే జట్టు ముందు వెళ్తుంది, నెల తర్వాత సర్వే జట్టు వెళ్తుంది. దీవులకు రెండుసార్లు వెళ్లే డబ్బు ఉండదు. జాబితా, ఎంపిక, సర్వే ఒకే విడతలో చేయాలి. అలా చేసినప్పుడు, జాబితా వేసే మనిషికి తానే రేపు ఆ ఇళ్లకు నడవాలని తెలుసు. లగూన్ (పగడపు దీవి చుట్టి ఉన్న ఉప్పునీటి మడుగు) అవతల ఉన్న నాలుగిళ్లు జాబితాలోకి రాకుండా పోవడం ఇక్కడే జరుగుతుంది. విరుగుడు రెండు రకాలు. బయల్దేరకముందే ఉపగ్రహ చిత్రంలో కప్పులు (ఒకే ఆవరణలోవన్నీ ఒకటిగా) లెక్కపెట్టి, ఆ సంఖ్య సూపర్‌వైజర్ దగ్గర మాత్రమే ఉంచాలి. జాబితా సంఖ్య దానికి బాగా తగ్గితే ఎక్కడ తగ్గిందో వెళ్లి చూడాలి. రెండోది, జాబితా వేసినవాళ్ల చేతిలో ఎంపిక ఉండకూడదు. యాదృచ్ఛిక సంఖ్యతో మొదలుపెట్టి సమాన దూరంలో ఇళ్లను ఏరే పని సూపర్‌వైజర్ ట్యాబ్లెట్‌లోని ప్రోగ్రాం చేయాలి. ఎంపికైన ఇల్లు తాళం వేసి ఉంటే పక్కింటిని తీసుకోకూడదు. దీవికీ ఇదే నియమం: చేరలేని దీవికి బదులు దగ్గరి దీవి చేయకూడదు. చేయలేకపోయామని రాసుకుని, ఎంత జనాభా తప్పిపోయిందో నివేదికలో చెప్పాలి.

'కుటుంబం' అంటే ఎవరు? కిరిబాటిలో ఒకే ఆవరణలో గోడల్లేని, ఎత్తైన పందిళ్ల లాంటివి నాలుగైదు ఉంటాయి. పడుకునేది ఒక దాంట్లో, వంట ఇంకో దాంట్లో, తాతమ్మ మరో దాంట్లో. కప్పులు లెక్కపెడితే ఐదు ఇళ్లు, పొయ్యి లెక్కపెడితే ఒక ఇల్లు. ఒకే వంట తినేవాళ్లు ఒక కుటుంబం అనే నియమాన్ని శిక్షణలో బొమ్మలు గీసి మరీ నేర్పాలి. పిల్లలు తాతమ్మ దగ్గరో, పెద్దమ్మ దగ్గరో పెరగడం ఈ దీవుల్లో మామూలు సంగతి. తల్లి న్యూజిలాండ్ తోటల్లో కూలికి వెళ్లి ఉండొచ్చు, తండ్రి సరుకు ఓడలో నావికుడై ఉండొచ్చు. 'ఈమె పిల్లలు ఎవరు' అని అడిగితే ఆ బిడ్డ ఎవరి జాబితాలోనూ పడదు. 'రాత్రి ఈ ఇంట్లో పడుకునే ప్రతి చిన్నవాళ్ల పేరూ చెప్పండి' అని విడిగా అడగాలి. ఆ తర్వాతే వాళ్ల ఆలనాపాలనా చూసేది ఎవరో తేల్చుకోవాలి. హైస్కూలు పిల్లల సంగతి ఇంకోటి. తువాలులో వైటుపు దీవిలో ఉన్న మోటుఫోవా ఉన్నత పాఠశాల వసతి బడి. మిగతా దీవుల పిల్లలు అక్కడుంటారు. ఇంటి జాబితాలో వాళ్లు ఉండరు, వసతి గృహాలు కుటుంబ సర్వేలోకి రావు. 15–17 ఏళ్ల వాళ్ల బడి హాజరు గురించి ఏ మాట రాసినా, ఈ పిల్లలు లెక్కలో లేరని పక్కనే రాయాలి.

వయసు. పిల్లల సర్వే అంతా వయసు మీద నిలబడి ఉంటుంది. డబ్ల్యూహెచ్ఓ 2006 ప్రమాణాల ప్రకారం 12 నెలల మగపిల్లవాడి మధ్యస్థ పొడవు 75.7 సెంటీమీటర్లు, 14 నెలల వాడిది 78.0. ఆ వయసులో ఒక ప్రామాణిక విచలనం (పిల్లల పొడవులు మధ్య విలువ నుంచి ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) 2.4 సెంటీమీటర్ల చుట్టూ. అంటే వయసు రెండు నెలలు ఎక్కువ రాస్తే, కొలత ఎంత జాగ్రత్తగా తీసినా, ఆ బిడ్డ దాదాపు ఒక విచలనం కిందికి జారిపోతాడు. మైనస్ 1.2 దగ్గర ఉన్నవాడు మైనస్ 2 దాటి ఎదుగుదల లోపం ఖాతాలో పడతాడు. ముందు ఆరోగ్య పుస్తకం చూడాలి, తర్వాత బాప్తిస్మం పత్రం, రెండూ లేకపోతే స్థానిక సంఘటనల క్యాలెండర్. ఆ క్యాలెండర్ దీవికొకటి వేరుగా తయారు చేయాలి. ఫునాఫుటిలో ఏటా ఏప్రిల్ 23న 1943 నాటి బాంబు దాడిని గుర్తు చేసుకుంటారు. నెల తేల్చడానికి అది పనికొస్తుంది. 2015 మార్చిలో పామ్ తుపాను తువాలు దీవులను ముంచింది. 2019–20లో సర్వే చేసేవాళ్లకు 'తుపానుకు ముందా, తర్వాతా' అనే ప్రశ్న, బిడ్డకు ఐదేళ్లు నిండాయా లేదా అని తేల్చడానికి బాగా సాయపడేది.

వయసులో మరో తప్పు తల్లిది కాదు, ఎన్యూమరేటర్‌ది. నాలుగేళ్ల బిడ్డకు ఐదేళ్లని రాస్తే, ఐదేళ్లలోపు పిల్లల ప్రశ్నావళి నింపే పనీ, తూకం వేసే పనీ ఎన్యూమరేటర్‌కు తప్పిపోతాయి. 15 ఏళ్ల అమ్మాయిని 14 అని, 49 ఏళ్ల ఆమెను 50 అని రాసినా అంతే. పట్టుకోవడం తేలిక: రోజూ రాత్రి సూపర్‌వైజర్ ఎన్యూమరేటర్ల వారీగా నాలుగేళ్ల, ఐదేళ్ల పిల్లల సంఖ్య పక్కపక్కన చూడాలి. ఒకరి దగ్గరే ఐదేళ్లవాళ్లు పోగుపడితే మర్నాడు ఆ ఇళ్లకు తానే వెళ్లాలి. దీవి విడిచాక ఇది చేయలేరు.

కొలతలు ఇద్దరు మనుషుల పని. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి, రెండేళ్లు నిండితే నిలబెట్టి కొలవాలి. బిడ్డ మొండికేసి రెండో పద్ధతిలో కొలవాల్సి వస్తే అది రాయాలి. పొడవుకూ ఎత్తుకూ మధ్య 0.7 సెంటీమీటర్ల సవరణ తర్వాత చేస్తారు. 0.1 సెంటీమీటరు దాకా చదవాలి. దశాంశం తర్వాత సున్నాలు, ఐదులు ఎక్కువైతే కంటితో ఉజ్జాయింపు వేస్తున్నారని అర్థం. దీవుల్లో అసలు చిక్కు నేల. ఇసుక మీద తూనిక యంత్రం ఒరుగుతుంది. చిన్న ప్లైవుడ్ పలక, ఒక నీటి మట్టం వెంట ఉండాలి. తల్లి ఎక్కి నిలబడ్డాక రీడింగ్‌ను సున్నా చేసి బిడ్డను అందించే యంత్రమైతే, బిడ్డ ఏడవదు, తేడా తీసే తప్పూ ఉండదు. రోజూ పొద్దున తెలిసిన బరువుతో, తెలిసిన పొడవున్న కర్రతో పరికరాలు సరిచూడాలి. ఎముకల గూడులా ఉన్న బిడ్డ కనిపిస్తే, జబ్బ చుట్టుకొలత 115 మిల్లీమీటర్ల లోపుంటే, రాసుకుని వచ్చేయడం కాదు. దీవి నర్సు పేరు మీద చీటీ రాసిచ్చి, ఆమెకు చెప్పి రావాలి.

నీటి పరీక్షను ఓడతో కలిపి ఆలోచించాలి. ఇంట్లోవాళ్లు తాగే నీళ్ల గ్లాసులోంచి 100 మిల్లీలీటర్లు వడకట్టి, పలక మీద పెట్టి, 24 నుంచి 48 గంటలు వెచ్చగా ఉంచి ఈ.కోలై (నీళ్లలో మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) చుక్కలు లెక్కపెడతాం. కాబట్టి చివరి రోజు నమూనా తీయకండి. ఓడలో చుక్కలు లెక్కపెట్టడం జరిగే పని కాదు. ప్రతి క్లస్టర్‌లోనూ శుద్ధమైన నీటితో ఒక ఖాళీ పరీక్ష చేయాలి. దానిలో చుక్క కనిపిస్తే తప్పు బావిది కాదు, మన చేతులది.

గోడల్లేని ఇంట్లో ఏకాంతం ఎలా? పిల్లలను గత నెలలో ఎలా దండించారనే ప్రశ్నలు 1–14 ఏళ్ల పిల్లల గురించి అడుగుతాం. పది గజాల అవతల అత్తగారు చాప అల్లుతూ ఉంటుంది. ఆమెను లేచి వెళ్లమనడం మర్యాద కాదు. జట్టులో రెండో మనిషి ఆమె పక్కన కూర్చుని కుటుంబ ప్రశ్నావళిలోని నీళ్లు, పొయ్యి, ఉప్పు ప్రశ్నలు అడుగుతుంటే, ఈలోపు తల్లితో చెట్టు కిందికో, పడవల పాక వైపో నడవొచ్చు. ఇద్దరేసి చొప్పున ఇళ్లకు పంపడానికి నేను గట్టిగా మొగ్గేది ఇందుకే. ఎవరైనా దగ్గరికి వస్తే ఏ మామూలు ప్రశ్నకు మారాలో కూడా ముందే నేర్పి ఉంచాలి.

డేటా. సీఎస్‌ప్రో అనే సర్వే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ట్యాబ్లెట్ల నుంచి డేటా బ్లూటూత్‌తో సూపర్‌వైజర్‌కు, అక్కడి నుంచి ఇంటర్నెట్ దొరికినప్పుడు రాజధానికి వెళ్తుంది. దొరికినప్పుడు అన్నది ఊతపదం కాదు. 2022 జనవరి 15న టోంగాలో అగ్నిపర్వతం పేలి సముద్రం కింది కేబుల్ తెగితే, ప్రధాన దీవికే ఐదు వారాలు పట్టింది మళ్లీ అందడానికి. కాబట్టి ప్రతి రాత్రీ ఎన్‌క్రిప్ట్ చేసిన (తాళపు మాట లేకుండా చదవలేని) రెండు ప్రతులు, రెండు మెమరీ కార్డుల మీద, ఇద్దరు మనుషుల దగ్గర, వీలైతే రెండు పడవల్లో ఉండాలి. కిరిబాటిలో ఇంకో జాగ్రత్త: తరావాలో గడియారం గ్రీనిచ్‌కు 12 గంటలు ముందు, కిరిటిమాటిలో 14 గంటలు ముందు. ట్యాబ్లెట్ తనంతట తాను గడియారం మార్చుకుంటే ఇంటర్వ్యూ రెండు గంటలు సాగినట్టో, మొదలవకముందే ముగిసినట్టో కనిపిస్తుంది. ఆటోమేటిక్ టైమ్ ఆపేసి, అన్ని ట్యాబ్లెట్లూ ఒకే గంటలో ఉంచండి.

జట్టు ఆరోగ్యం గురించి చెప్పకుండా ముగించలేను. 1918లో ఆక్లాండ్ నుంచి ఆపియాకు వచ్చిన తలూనె అనే ఓడ ఇన్‌ఫ్లుయెంజాను దింపితే, పశ్చిమ సమోవా జనాభాలో దాదాపు ఐదోవంతు మంది చనిపోయారు. రాకపోకలు ఆపేసిన అమెరికన్ సమోవాలో ఒక్కరూ చనిపోలేదు. 2019లో సమోవాలో తట్టు 83 మంది ప్రాణాలు తీసింది, ఎక్కువ మంది ఐదేళ్లలోపు పిల్లలే. మనం ఇంటింటికీ వెళ్లి పసిపిల్లలను చేతుల్లోకి తీసుకునే మనుషులం. టీకాల పత్రం లేనివాళ్లు ఓడ ఎక్కకూడదు. దగ్గు, జ్వరం ఉన్నవాళ్లు రాజధానిలో ఆగిపోవాలి. అందుకే ప్రతి రెండు జట్లకూ శిక్షణ పొందిన ఒక మనిషిని అదనంగా ఉంచాలి.

ఇక ఫలితాలు. ఎంఐసీఎస్ పట్టికల్లో 25 మంది లోపు ఉన్న గడిని నక్షత్రం గుర్తు (*) పెట్టి దాచేస్తారు, 25–49 మంది ఉంటే బ్రాకెట్లలో పెడతారు. దీవుల్లో ఆ నియమం చాలదు. 60 ఇళ్లున్న దీవిలో 'నడవడంలో ఇబ్బంది ఉన్న బాలిక, తల్లి వేరే దేశంలో' అని రాస్తే పేరు రాయక్కర్లేదు, అందరికీ తెలిసిపోతుంది. కాబట్టి విడి దీవుల పట్టికలు బయట పెట్టొద్దు. దీవుల గుంపుగా ఇవ్వండి, బయటికిచ్చే ఫైల్‌లో జీపీఎస్, క్లస్టర్ సంఖ్య తీసేయండి. దీవి సభకు మాత్రం వాళ్ల గుంపు ఫలితాలు వాళ్ల భాషలో ఒక పేజీ మీద వేసి, చదివి వినిపించే మనిషిని పంపండి. దానికయ్యే ఓడ ఛార్జీ, పడవ అద్దె, ఒక మనిషికి మూడు వారాల బత్తెం మొదటి రోజు బడ్జెట్‌లోనే విడి పద్దుగా ఉండాలి. లేకపోతే ఆ డబ్బు ఆలస్యాలకు ఖర్చైపోతుంది.

ప్రశ్నలుంటే అడగండి.